కడుపుతో ఉన్నప్పుడు షుగర్ తేలితే: అన్నం మానకుండా మొదటి రెండు వారాలు గడపడం ఎలా?

"పరీక్షలో షుగర్ ఉందన్నారు, రెండు వారాలు పథ్యం చేసి మళ్లీ రమ్మన్నారు, అమ్మాయికి ఏం పెట్టాలండీ?" విజయవాడలో ఆహార సలహాలు ఇచ్చే పనిలో ఉన్న నన్ను గర్భిణుల తల్లులు, అత్తగార్లు, అప్పుడప్పుడు భర్తలు ఈ ఒక్క ప్రశ్నే అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే మాటలనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. అన్నం మానవలసిన అవసరం లేదు. దానిని కొలిచి తినాలి, రోజు మొత్తానికి పంచుకోవాలి, తిన్న తర్వాత కాసేపు నడవాలి, ఏ వంట మీ ఒంటికి పడిందో మీటరుతో చూసుకోవాలి.

కారణం గురించి అవసరమైనంత వరకే చెబుతాను. నెలలు నిండేకొద్దీ మావి (బిడ్డకు పోషణ అందించే మాయ) నుంచి విడుదలయ్యే హార్మోన్లు, తల్లి రక్తంలోని షుగర్‌ను అదుపులో ఉంచే ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. తల్లి రక్తంలో పెరిగిన గ్లూకోజు మావిని దాటి బిడ్డకు చేరుతుంది కాబట్టి, దానిని సర్దుకోవడానికి బిడ్డ తన ఇన్సులిన్‌ను ఎక్కువగా తయారుచేసుకొని ఉండవలసిన దానికంటే బరువు పెరుగుతుంది, పుట్టిన వెంటనే ఆ బిడ్డకు షుగర్ పడిపోయే ప్రమాదమూ ఉంటుంది. ఇది మీరు మిఠాయిలు తిన్నందువల్ల వచ్చిన జబ్బు కాదు. ఇంట్లో ఎవరైనా అలా అంటే ఈ పేరా వారికి చదివి వినిపించండి.

మన దేశంలో ప్రభుత్వం సూచించిన పద్ధతి ప్రకారం, తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజును నీళ్లలో కలిపి తాగించి, 2 గంటల తర్వాత రక్తం తీస్తారు. ఫలితం 140 మి.గ్రా. లేదా అంతకు మించి ఉంటే గర్భధారణ మధుమేహంగా లెక్కిస్తారు. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఈ పరీక్ష చేస్తారు, అప్పుడు మామూలుగా వస్తే 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేస్తారు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి కాబట్టి, ఇంతవరకు చేయించుకోని వారు ఆ రోజున వెళ్లి అడగండి.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. ఆ పరీక్షలో 200 గాని అంతకంటే ఎక్కువ గాని వచ్చిన వారికి, గర్భానికి ముందు నుంచే షుగర్ ఉన్న వారికి పథ్యం ఒక్కటే సరిపోదు. డాక్టరు ఇన్సులిన్ రాసి ఉంటే, ఇది చదివి దానిని ఆపకండి, మోతాదు తగ్గించకండి.

కావలసినవి

- గ్లూకోమీటరు, గడువు దాటని స్ట్రిప్పులు, సూదులు. రోజుకు 4 స్ట్రిప్పుల చొప్పున రెండు వారాలకు 56 అవుతాయి. అంత ఖర్చు భరించలేని వారికి ప్రత్యామ్నాయం 2వ మెట్టులో ఉంది.
- ఒక వంటింటి తూకం. లేకపోతే రెండు వారాల పాటు ఎవరూ మార్చని ఒక గిన్నె.
- గీతల నోటుపుస్తకం, అలారం ఉన్న ఫోను.
- నడవడానికి డాక్టరు అనుమతి. మావి కిందికి ఉన్నవారు, గర్భాశయ ముఖానికి కుట్టు వేయించుకున్నవారు, బి.పి. పెరిగినవారు, నెలలు నిండకుండానే నొప్పులు వచ్చే సూచన ఉన్నవారు ఈ అనుమతి లేకుండా నడక మొదలుపెట్టకూడదు.

1. మొదటి రోజు ఏమీ మార్చకుండా, తినేదంతా తూచండి.

ఈ మెట్టును దాటవేసేవారే ఎక్కువ, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. గుంటూరులో ఒక ఇంట్లో, "నేను కొంచెమే తింటానండీ" అన్న అమ్మాయి మధ్యాహ్న భోజనాన్ని వాళ్ల అత్తగారి చేతనే తూకం వేయించాను. పప్పులోకి ఒక గరిటె, వంకాయ కూరలోకి ఒక గరిటె, చారులోకి మరికొంత, చివర పెరుగులోకి ఇంకాస్త. ఏ వడ్డనకు ఆ వడ్డన నిజంగానే కొంచెంగా కనిపించింది. నాలుగూ కలిపితే 380 గ్రాముల అన్నం అయింది. వండిన అన్నం 100 గ్రాములలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క పూటలోనే 100 గ్రాములు దాటింది. ఆమె అబద్ధం చెప్పలేదు, మన వడ్డన పద్ధతిలో లెక్క అలా తప్పిపోతుంది.

2. రక్తం చూసుకోవలసిన వేళలు నిర్ణయించుకోండి.

ఉదయం పరగడుపున ఒకసారి, మూడు పూటల తిండి తర్వాత ఒక్కోసారి చూసుకోవాలి. గంటకు చూసినా 2 గంటలకు చూసినా, ఆ లెక్క మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి మొదలవుతుందే గాని, చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు, అందుకే కూర్చోగానే అలారం పెట్టుకోండి. సాధారణంగా పెట్టుకునే లక్ష్యాలు ఇవి: పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, తిన్న 2 గంటలకు 120 లోపు. గంటకు చూడాలా, 2 గంటలకు చూడాలా అన్నది డాక్టరును అడిగి ఏదో ఒకదానికే కట్టుబడండి.

స్ట్రిప్పులు పొదుపు చేయవలసిన వారు డాక్టరుతో మాట్లాడి పరగడుపున రోజూ చూసుకుంటూ, తిన్న తర్వాతి పరీక్షను ఒకరోజు టిఫిన్‌కు, మరుసటి రోజు మధ్యాహ్నానికి, ఆ మరుసటి రోజు రాత్రికి మార్చుకోవచ్చు. అప్పుడు రోజుకు 2 స్ట్రిప్పులతో సరిపోతుంది.

రక్తం తీసే ముందు చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకోండి. మామిడిపండు కోసిన చేతితో సూది గుచ్చితే ఆ పండులోని చక్కెర కూడా స్ట్రిప్పులోకి చేరి అంకె పెరుగుతుంది. వేలి కొనమీద కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. రక్తం రాలేదని వేలిని గట్టిగా పిండకండి, చేయి కిందికి వేలాడదీసి అరచేతి నుంచి వేలి వైపు మెల్లగా నిమరండి. మన ఎండాకాలంలో స్ట్రిప్పుల డబ్బాను కిటికీ దగ్గరా పొయ్యి పక్కనా ఉంచితే అవి పాడవుతాయి, ఫ్రిజ్‌లో పెట్టినా తేమ పడుతుంది. ఇంట్లో చల్లగా ఉండే అలమారలో, మూత బిగించి ఉంచండి.

3. రోజు తిండిని ఆరు భాగాలు చేయండి.

గర్భిణికి రోజుకు కనీసం 175 గ్రాముల పిండిపదార్థం కావాలన్నది చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. దానిని నేను ఇలా పంచుతాను: టిఫిన్‌కు 30, పదకొండింటికి 15, మధ్యాహ్నానికి 45, సాయంత్రం 20, రాత్రి భోజనానికి 45, పడుకునే ముందు 20. మీ బరువును బట్టి, మీరు చేసే పనిని బట్టి డాక్టరు గాని డైటీషియన్ గాని ఈ అంకెలను మార్చవచ్చు, కాని ఆరు భాగాలన్న క్రమం చాలామందికి పనికొస్తుంది.

4. టిఫిన్‌ను మూడు పూటల్లోకీ చిన్నదిగా ఉంచండి.

ఉదయం పూట శరీరం ఇన్సులిన్‌కు సరిగా లొంగదు. మధ్యాహ్నం ఏ ఇబ్బందీ కలిగించని మోతాదే పొద్దున తింటే అంకెను పైకి తోసేస్తుంది. మధ్యరకం ఇడ్లీ ఒక్కోదానిలో సుమారు 10 నుంచి 12 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. రెండు ఇడ్లీలు, గట్టి పల్లీ పచ్చడి, ఒక ఉడికించిన గుడ్డు తింటే కడుపు నిండుతుంది, లెక్కా దాటదు. గుడ్డు తినని వారు పచ్చడి పెంచి, గిన్నెడు ఉడికించిన పెసలు గాని కొద్దిగా పనీరు గాని చేర్చుకోవచ్చు.

పెసరట్టు మంచి ఎంపిక. అయితే దానిలో ఉప్మా పెడితే రెండు టిఫిన్లు ఒకేసారి తిన్నట్టు అవుతుంది. పక్కన వేసుకునే అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుందన్న సంగతి చాలామందికి తట్టదు. పెసరట్టుకు షుగర్ పెరిగిందని వచ్చిన వారిని "పచ్చడి ఎంత వేసుకున్నారు?" అని అడిగితే, జవాబు అక్కడే దొరికిన సందర్భాలు ఉన్నాయి. ఇంట్లో బెల్లం లేకుండా చేసుకోండి, లేదా కొబ్బరి పచ్చడితో తినండి.

5. మధ్యాహ్నం, రాత్రి కంచం నింపే వరుస మార్చండి.

కంచంలో సగం కూరగాయలు పెట్టండి. బీరకాయ, సొరకాయ, దొండకాయ, బెండకాయ, తోటకూర, గోంగూర, ఏదైనా సరే. పావువంతు గట్టిపప్పు, చేప, కోడికూర లేదా గుడ్డు ఉండాలి. మిగిలిన పావుభాగంలో 150 గ్రాముల అన్నం పెట్టుకోండి, అందులో సుమారు 42 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ముందుగా కూర, పప్పు కొంత తిని, ఆ తర్వాత అన్నం కలుపుకుంటే అంకె తక్కువగా పెరుగుతుంది.

పెరుగన్నం లేనిదే భోజనం ముగిసినట్టు అనిపించదని మీరు అంటారు, అది నాకూ తెలుసు. మొత్తం అన్నాన్ని ముందే తూచి ఒక గిన్నెలోకి తీసుకొని, అందులో మూడోవంతును పెరుగు కోసం పక్కన పెట్టుకోండి. కంచంలో రెండోసారి అన్నం వడ్డించకూడదని వడ్డించేవారికి ముందుగా చెప్పి ఉంచండి, కూర మాత్రం ఎంతైనా వేయవచ్చు. అన్నానికి బదులు రాత్రిపూట రెండు మూడు పుల్కాలు లేదా జొన్నరొట్టె తినవచ్చు, కాని వాటినీ లెక్కలోకి తీసుకోవాలి. ఒక చిన్న పుల్కా సుమారు 15 గ్రాములు.

6. తిన్న తర్వాత నడవండి.

ఉదయం ఒకేసారి గంటసేపు నడిచి మిగిలిన రోజంతా కూర్చోవడం కంటే, మూడు పూటలా తిన్న పదిహేను నిమిషాల్లోపు లేచి 10 నుంచి 15 నిమిషాలు నడవడం ఈ పనికి బాగా ఉపకరిస్తుంది. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట్లాడలేక ఆయాసపడుతుంటే వేగం తగ్గించండి.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట బెజవాడలోనైనా గుంటూరులోనైనా గర్భిణి బయటికి వెళ్లకూడదు. హాలులో ఈ గోడ నుంచి ఆ గోడకు, వరండా ఉంటే వరండాలో, ఫ్యాను కింద నడవండి. రాత్రి భోజనం తర్వాత మీ వీధిలోనో అపార్ట్‌మెంట్ ఆవరణలోనో, వెలుతురున్న చదునైన చోట, తోడుతో నడవండి. పాదాలు వాచి నడవలేని వారు వీపుకు ఆనుకునే కుర్చీలో కూర్చొని కాళ్లు ఒకటి తర్వాత ఒకటి చాపుతూ, రెండు చేతుల్లో చెరో అర లీటరు నీళ్ల సీసా పట్టుకొని ఎత్తి దించుతూ 10 నిమిషాలు చేయవచ్చు. వెల్లకిలా పడుకొని చేసే కసరత్తులు, పొట్టకు దెబ్బ తగిలే ఆటలు వద్దు.

రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, కడుపు బిగుసుకుపోయి మళ్లీమళ్లీ నొప్పి రావడం, కళ్లు తిరగడం, ఛాతీలో నొప్పి, ఒక పిక్కలోనే వాపూ నొప్పీ కనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే, నడిచినా నడవకపోయినా, మరునాటికి వాయిదా వేయకండి.

7. పడుకునే ముందు ఏదైనా కొంచెం తినండి.

గ్లాసు పాలు చక్కెర లేకుండా తాగి, నాలుగు బాదం పప్పులు, చిన్న పుల్కా ఒకటి తినవచ్చు. రాత్రి ఏడింటికి తిని, ఉదయం ఎనిమిదింటి దాకా ఏమీ తినకుండా ఉంటే, ఆ ఖాళీలో కాలేయం తానే గ్లూకోజు విడుదల చేస్తుంది, పరగడుపు అంకె పెరుగుతుంది. రెండు తిండ్ల మధ్య ఎడం 10 గంటలకు మించనివ్వకండి.

8. నోటుపుస్తకంలో అంకె పక్కన కారణం రాయండి.

"138" అని మాత్రమే రాస్తే వారం తర్వాత అది ఎవరికీ ఉపయోగపడదు. "బుధవారం, 3 ఇడ్లీలు, సాంబారు, నడవలేదు, 138" అని రాయండి. మరుసటి రోజు "2 ఇడ్లీలు, పల్లీ పచ్చడి, గుడ్డు, 12 నిమిషాల నడక, 114" అని ఉంటే, ఏం చేయాలో ఆ రెండు వరుసలే చెబుతాయి. ఒక్కోసారి ఒక్క మార్పే చేయండి. తిండీ నడకా వేళా అన్నీ ఒకేరోజు మారిస్తే, ఏది పనిచేసిందో తెలియదు.

పదేపదే చూసే పొరపాట్లు

అన్నం పూర్తిగా మానేయడం మొదటిది. భయంతో రెండు రోజులు కూరలతోనే గడిపితే మీటరులో అంకెలు అందంగా కనిపిస్తాయి గాని, శరీరం కొవ్వును కరిగించుకొని కీటోన్లను తయారుచేస్తుంది, బరువు తగ్గుతుంది, కడుపులో ఉన్న బిడ్డకు అది మేలు చేయదు. బరువు తగ్గుతున్నట్టు గమనిస్తే డాక్టరుకు చెప్పి, మూత్రంలో కీటోన్ల పరీక్ష అవసరమో కాదో అడగండి.

రెండోది రాగి జావ. "రాగులు షుగర్‌కు మంచివి" అన్న మాట నమ్మి, పెద్ద గ్లాసుతో ఉదయమే తాగి, 160 చూసి కంగారుపడుతూ వస్తారు. పొడి రాగిపిండిలోనూ పిండిపదార్థం దాదాపు బియ్యంలో ఉన్నంత ఉంటుంది. మెత్తగా పిండి పట్టించి, ఉడికించి, పలుచగా తాగినప్పుడు అది త్వరగా రక్తంలోకి చేరుతుంది. రాగులలో కాల్షియం ఎక్కువ కాబట్టి వదులుకోవడం ఎందుకు? మధ్యాహ్నం కొలిచిన చిన్న రాగి సంకటి ముద్దగా, పప్పూ కూరలతో తినండి, 2 గంటలకు మీటరు చూడండి.

చక్కెర మాని బెల్లం, తేనె, ఖర్జూరాలు వాడేవారున్నారు. రక్తానికి అవన్నీ చక్కెరే. కొబ్బరి నీళ్లలో కూడా చక్కెర ఉంది. చక్కెర వేయలేదని రాసిన బిస్కెట్లలో మైదా ఉంటుంది, పాలలో కలుపుకునే పొడులు చాలావాటిలో చక్కెర ఉంటుంది, డబ్బా వెనుక చదివి చూడండి.

పండ్ల విషయం మన జిల్లాల వాళ్లకు వేసవిలో నిజంగా కష్టం. పెరుగన్నంలో మామిడిపండు నంజుకోవడం మనకు అలవాటు, కాని అన్నం మీద అన్నంలా అది కలుస్తుంది. చిన్న రసాలు నోటితో జుర్రుకుంటే ఎన్ని అయ్యాయో గుర్తుండదు. బంగినపల్లి రెండు సన్నని ముక్కలు, భోజనంతో కాకుండా సాయంత్రం, గుప్పెడు పల్లీలతో తిని చూడండి. అంకె నిలిస్తే వారానికి రెండుసార్లు తినవచ్చు. మిగిలిన రోజుల్లో దోరజామకాయ ఉత్తమం, ఏ పండునూ రసం తీసి తాగవద్దు.

సీమంతం రోజున చలిమిడి వద్దనమని నేను ఎవరికీ చెప్పను. పుట్టింటివారు ప్రేమతో తెచ్చిన దానిని ఉసిరికాయంత తిని, మిగిలింది పేరంటానికి వచ్చినవారికి పంచండి. చలిమిడి అంటే బియ్యప్పిండి, బెల్లం కాబట్టి ఆ పూట భోజనంలో అన్నం తగ్గించి, పది నిమిషాలు ఎక్కువ నడవండి. "ఇద్దరి కోసం తినాలి" అని ఒత్తిడి చేసే పెద్దలకు ఆ రోజు పప్పు, కూర, గుడ్డు రెండింతలు వడ్డించే పని అప్పగించండి, వారి మనసూ నిలుస్తుంది.

ఫలితాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడం

ఇంట్లో వాడే మీటరు 100కు పైన ఉన్న అంకెలలో 15 శాతం వరకు అటూఇటూ చూపవచ్చు. అందువల్ల ఒక్క 126ను చూసి బాధపడనక్కర్లేదు. అంకె నమ్మశక్యంగా లేకపోతే చేతులు కడుక్కొని వెంటనే మరోసారి చూడండి. ల్యాబ్‌కు వెళ్లినప్పుడు మీటరును తీసుకువెళ్లి, పరగడుపున వారు రక్తం తీసిన క్షణంలోనే మీరూ వేలిపై చూసుకొని పోల్చండి. గర్భిణుల్లో ఎర్ర రక్తకణాలు త్వరగా మారిపోతుంటాయి కాబట్టి, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష తక్కువగా వచ్చిందని రోజువారీ పరీక్షలు మానకండి.

రెండు వారాల తర్వాత పుస్తకం చూసినప్పుడు, తిన్న 2 గంటల అంకెలు చాలా వరకు 120 లోపు (గంటకు చూసేవారికి 140 లోపు) ఉంటే ఇదే పద్ధతి కొనసాగుతుంది. నెలలు గడిచేకొద్దీ అవసరాలు మారతాయి, 32 వారాల దాకా సరిపోయిన మోతాదు ఆ తర్వాత సరిపోకపోవచ్చు. ఒకే పూట అంకె పదేపదే దాటుతుంటే ఆ పూట తిండిని మాత్రమే సరిచేయండి. పరగడుపు అంకె 95 దాటుతూ ఉంటే, రాత్రి తిండీ పడుకునే ముందు తిండీ సరిచేసినా మూడు రోజుల్లో తగ్గకపోతే, డాక్టరుకు ఫోన్ చేయండి. పథ్యానికి అన్నిటికంటే కష్టంగా లొంగే అంకె అదే, అది మీ లోపం కాదు.

ఇన్సులిన్ మొదలుపెట్టవలసి వస్తే, ఆ సూది మందు బిడ్డకు చేరుతుందని భయపడకండి. తల్లి వేసుకునే ఇన్సులిన్ మావిని దాటి వెళ్లదు. ఇన్సులిన్ వేసుకునేవారు మాత్రం చెమటలు, వణుకు, గుండెదడ వచ్చి అంకె 70 కంటే తగ్గితే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. బయటికి వెళ్లేటప్పుడు చక్కెర పొట్లం సంచిలో ఉండాలి.

9. కాన్పు తర్వాత ఒక పరీక్ష మిగిలి ఉంటుంది.

చాలామందికి కాన్పుతోనే అంకెలు మామూలు అవుతాయి, అందుకే ఈ పరీక్షను మరచిపోతారు. అయితే ఒకసారి ఈ షుగర్ వచ్చిన తల్లికి తర్వాతి కాలంలో శాశ్వతంగా మధుమేహం వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష మళ్లీ చేయించుకోవాలి, ఈసారి పరగడుపున. పుట్టినప్పటి టీకాల తర్వాత బిడ్డకు మళ్లీ టీకాలు వేసేది కూడా ఆరు వారాలకే కాబట్టి, టీకా కార్డు మీదే "అమ్మకు షుగర్ పరీక్ష" అని రాసి పెట్టండి. ఆ రోజు పొద్దున ఏమీ తినకుండా బయలుదేరి, రెండోసారి రక్తం తీయగానే తినడానికి ఇడ్లీల డబ్బా వెంట తీసుకువెళ్లండి. పరీక్ష జరిగే 2 గంటలూ బిడ్డకు పాలు ఇస్తూనే ఉండవచ్చు.